పసివాడూ పటకుటీరమూ

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో, వేసవి సెలవులు రాగానే అడవికి వెళ్లి, టెంటు వేసుకొని, ఒకటి రెండు రాత్రులు నేల మీద పడుకొని రావడం ఒక ఆచారంగా స్థిరపడుతున్నది. ఆ కుటుంబంలో ఏడాది దాటి మూడేళ్లు నిండని పిల్లవాడు ఉన్న పక్షంలో, టెంటు ఎంపిక దుకాణంలో తేలిపోయే చిన్న వ్యవహారంగా మిగలక, క్షేత్రగణితమూ వాతావరణశాస్త్రమూ జంతుశాస్త్రమూ కొంత ఇంటి రాజకీయమూ కలగలిసిన ఒక ప్రత్యేక శాస్త్రంగా పరిణమిస్తుంది. ఈ శాస్త్రానికి ప్రామాణిక గ్రంథాలు లేవు. ఉన్నవల్లా టెంటు పెట్టె మీద అచ్చువేసిన అంకెలే; వాటిని నిర్ణయించినవారు పడుకున్న మనిషి కదలడని నమ్మినవారు గనుక, చంటిపిల్లల తల్లిదండ్రులు ఆ అంకెలను మళ్లీ మొదటి నుంచి లెక్కవేసుకోవలసి వస్తుంది.

మొదటి అంకె మనుషుల సంఖ్య. పెట్టె మీద ‘నలుగురికి’ అని ఉంటే, నలుగురు పెద్దవాళ్లు ఒక్కొక్కరు సుమారు 20 అంగుళాల వెడల్పూ 6 అడుగుల పొడవూ ఉన్న పరుపు మీద, భుజానికి భుజం ఆనించి, తెల్లవార్లూ వెల్లకిలా పడుకోగలరని మాత్రమే దాని అర్థం. వారి సంచులకూ చెప్పులకూ మనశ్శాంతికీ అందులో చోటు కేటాయించరు. అటువంటి పరుపు ఒక్కొక్కటి 10 చదరపు అడుగులు ఆక్రమిస్తుంది. పసివాడు చిన్నవాడు కాబట్టి అందులో సగం చాలునని తోచవచ్చు గాని, రాత్రి తొమ్మిదింటికి తూర్పున తల పెట్టుకున్నవాడు పదకొండింటికి ఉత్తరానికి తిరిగి, తెల్లవారుజామున మూడింటికి తండ్రి మెడ మీద మడమ ఆనించి పడమటికి చేరుకుంటాడు గనుక, వాడి విస్తీర్ణాన్ని ఒంటితో గాక ఆ ఒళ్లు రాత్రి పొడుగునా గీసే వృత్తంతో కొలవడమే శాస్త్రీయం. మూడడుగుల పిల్లవాడు పాదాల వద్ద ఇరుసు పెట్టుకొని ఒక్క చుట్టు తిరిగితే ఏర్పడే వృత్తం 28 చదరపు అడుగుల పైమాటే, అనగా వాడొక్కడు దాదాపు ముగ్గురు పెద్దవాళ్లకు సమానం. నలుగురి టెంటుగా అమ్ముడుపోయేవాటిలో 9 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు ఉన్నది సాధారణం. అందులోని 63 చదరపు అడుగుల్లో తల్లిదండ్రులకు 20, వారసుడికి 28 పోగా మిగిలిన 15లో డైపర్ల కట్ట, పాల సీసాలు, మారు బట్టలు, చీకట్లో పేరు పెట్టి అడిగే ఏనుగు బొమ్మ ఇమడాలి. అందువల్ల ముగ్గురున్న ఇంటికి ఆరుగురి టెంటే కనీస ప్రమాణమని చెప్పడంలో అతిశయోక్తి లేదు.

రెండవ అంకె ఎత్తు. దీనికి ఇవ్వవలసినంత ప్రాధాన్యాన్ని ఎవరూ ఇవ్వరు, నిజానికి తక్కిన అన్నింటికన్నా ఇదే ముఖ్యం. టెంట్లు స్థూలంగా రెండు జాతులు: వంగే సన్నని కడ్డీలు రెండింటిని మూలల నుంచి మూలలకు ఐమూలగా వంచి నిలబెట్టేది గోపురపు టెంటు, నిటారు గోడలతో చిన్న గదిలా ఉండేది క్యాబిన్ టెంటు. మొదటిది గాలిని పక్కలకు జార్చివేస్తుంది, రెండవది గాలికి ఎదురు నిలిచి ఊగుతుంది. కాబట్టి కొండ శిఖరాల మీద గోపురమే శ్రేష్ఠమని పండితులు చెప్పేది నిజమే. కాని మూడేళ్లు నిండని వాడిని వెంటబెట్టుకొని కొండ శిఖరం ఎక్కే తల్లిదండ్రులు అరుదు. అర్ధరాత్రి నిద్రమత్తులో ఉన్న పిల్లవాడికి డైపరు మార్చవలసి వచ్చినప్పుడు, నడిమి ఎత్తు అయిదడుగులైనా లేని గోపురంలో తండ్రి నడుం వంచి, నుదుటి దీపం తిన్నగా పిల్లవాడి కళ్లలో పడకుండా తల పక్కకు తిప్పి, ఒక చేత్తో రెండు కాళ్లూ పట్టుకొని, రెండో చేత్తో అంటుపట్టీ వెతుక్కోవలసి ఉంటుంది. ఆ పట్టీ ఈలోగా తండ్రి చొక్కాకే అంటుకొని ఉంటుంది. ఆరడుగులకు మించిన ఎత్తున్న క్యాబిన్‌లో ఇదే పని నిలబడి, గౌరవంగా పూర్తవుతుంది. గుంటూరు నుంచో రాజమండ్రి నుంచో ఆరు నెలలు ఉండిపోదామని వచ్చి, మనవడి కోసం ఈ యాత్రకు ఒప్పుకున్న అమ్మమ్మగారి మోకాళ్లను కూడా లెక్కలోకి తీసుకుంటే, ఈ విషయంలో వాదానికి తావుండదు. “అంత ఇల్లు పెట్టుకొని ఈ చెట్ల కింద పడుకోవడం ఏం ఖర్మే తల్లీ” అన్న ఆమె ప్రశ్నకు మాత్రం ఏ జాతి టెంటులోనూ జవాబు లేదు.

టెంటు వేయడానికి పట్టే కాలాన్ని గురించి పెట్టె మీద ఉండే హామీ, ఇద్దరు పెద్దవాళ్లకు నాలుగు చేతులూ ఖాళీగా ఉన్నాయన్న ఊహ మీద ఆధారపడింది. పసివాడున్నచోట వాటిలో రెండు చేతులు వాడిని పట్టుకోవడానికే సరిపోతాయి. వాడిని కిందికి దింపితే, లోపల సాగే తాడుతో ముక్కలన్నీ కలిసి ఉండే కడ్డీలను తల్లి అమర్చుతుండగా వాడు రెండో చివర నుంచి విడదీస్తూ వస్తాడు. ఈ సమస్యకు చరిత్రలో తృప్తికరమైన పరిష్కారం ఒక్కటే కనిపిస్తుంది. తర్వాతి కాలంలో, 1687లో, గోల్కొండను పట్టుకున్న ఔరంగజేబు 1664 చివర ఢిల్లీ నుంచి కాశ్మీరుకు బయలుదేరినప్పుడు ఆయన పరివారంతో ప్రయాణించిన ఫ్రెంచి వైద్యుడు ఫ్రాన్స్వా బెర్నియే రాసినదాని ప్రకారం, చక్రవర్తికి డేరాలు రెండు జతలు ఉండేవి. ఒక జతలో ఆయన విశ్రమిస్తుండగా రెండో జత ఒక రోజు ముందే తర్వాతి మజిలీకి వెళ్లి సిద్ధమయ్యేది. ముందు నడిచే ఈ డేరాల ఏర్పాటునే పేష్‌ఖానా అనేవారు. ఒక్కొక్క జతను మోయడానికి 60కి పైగా ఏనుగులూ 200 ఒంటెలూ 100 కంచర గాడిదలూ కావలసి వచ్చేవి. పిల్లవాడి ప్రయాణానికి పట్టే సామానుతో పోలిస్తే ఇది మరీ ఎక్కువేమీ కాదు గాని, మినీవ్యానులో పట్టదు. ఆధునికులు వేరే దారి పట్టారు: డెకథ్లాన్ సంస్థ 2005లో తెచ్చిన ‘టూ సెకండ్స్’ టెంటు, గాలిలోకి విసిరితే తానే విచ్చుకొని నేల మీద నిలబడుతుంది. విప్పడానికి పట్టే సమయాన్ని పేరులోనే చెప్పిన ఆ సంస్థ, మడవడానికి పట్టే సమయాన్ని పేరులో చేర్చలేదన్నది గమనార్హం.

వాన విషయంలో పెట్టె మీద 1500 నుంచి 3000 వరకు మిల్లీమీటర్ల లెక్క కనిపిస్తుంది. బట్ట మీద నీటి స్తంభాన్ని నిలబెట్టి ఎత్తు పెంచుకుంటూ పోగా, ఏ ఎత్తు వద్ద చుక్కలు అడుగుకు దిగడం మొదలవుతుందో దాన్నే అలా సూచిస్తారు. అది వర్షపాతం కాదు. ఆంధ్రదేశంలో ఏడాది మొత్తానికి కురిసే వాన సగటున వెయ్యి మిల్లీమీటర్ల లోపే గనుక, మూడేళ్ల వానను ఒక్క రాత్రిలో తట్టుకుంటుందని సంబరపడనవసరం లేదు. మంచి టెంట్లలో నేల గుడ్డ అంచులు కొన్ని అంగుళాలు గోడ పైకి లేచి తొట్టిలా ఉంటాయి. బయటి నీరు లోపలికి రాకుండా చేసిన ఈ ఏర్పాటు, లోపలి నీరు బయటకు పోకుండా కూడా అంతే సమర్థంగా పనిచేస్తుంది. పసివాడున్న టెంటులో నీటి జన్మస్థానం ఎక్కువగా లోపలే ఉంటుందన్న సంగతిని తయారీదారులు ఇంకా పరిగణనలోకి తీసుకోలేదు. దీనికి తోడు, నిద్రపోయేవారి ఊపిరిలోని ఆవిరి చల్లని గుడ్డకు తగిలి బిందువులవుతుంది; పిల్లవాడికి చలి వేస్తుందని వలకిటికీలన్నీ బిగించిన ఇళ్లలో తెల్లవారేసరికి పైకప్పు నుంచి చినుకులు రాలుతాయి. టెంటు కారిందని అందరూ దుకాణదారును తిడతారు. కారింది టెంటు కాదు, కుటుంబం.

ఎలుగుబంట్ల ప్రస్తావన లేకుండా ఈ శాస్త్రం సంపూర్ణం కాదు. కాలిఫోర్నియాలోని యోసెమిటీ జాతీయోద్యానంలో నల్ల ఎలుగులు తిరుగుతుంటాయి గనుక, వాసన వచ్చే ఏ వస్తువునైనా టెంటులో ఉంచడం అక్కడ నిషిద్ధం. ప్రతి విడిదికీ ఒక ఇనుప పెట్టె ఇచ్చి, భోజన పదార్థాలతో పాటు సబ్బులు, పూతమందులు, పిల్లలను తుడిచే తడికాగితాల వరకు అన్నీ అందులోనే పెట్టి మూయమంటారు, కారులోని పిల్లల సీటులో రాలిన తినుబండారాల పొడి కూడా దులపమంటారు. పులిహోర డబ్బా, పచ్చడి సీసా పెట్టెలో చేరాక కూడా, జేబులో సగం కొరికిన జంతికతో, రెండు చెంపలకూ పెరుగన్నంతో నిద్రపోయే ప్రాణి ఒకటి టెంటులోనే మిగిలిపోతుంది. నిబంధనలను అక్షరాలా పాటిస్తే వాడిని ఎక్కడ పెట్టాలన్నది ఆలోచించదగిన ప్రశ్న. “ఆవకాయకేమో ఇనుప పెట్టెట, పిల్లాడికేమో గుడ్డ గోడట!” అని అమ్మమ్మగారు చేసే వ్యాఖ్యలో తర్కదోషం కనిపించదు. కనుక పడుకునే ముందు వాడిని తుడవడం శుభ్రత కోసమే కాదు, తుడిచిన కాగితాన్ని మళ్లీ ఆ పెట్టె దాకా మోయడం మరవకూడదు.

వెలుతురు గురించి క్లుప్తంగా చెప్పవచ్చు. అక్కడ జూన్‌లో సూర్యుడు రాత్రి ఎనిమిది దాటాక అస్తమించి, ఉదయం ఆరు కాకముందే ఉదయిస్తాడు. పిల్లవాడు మాత్రం వెలుతురున్నంతసేపూ పగలేనన్న సూత్రానికి కట్టుబడి ఉంటాడు. ఎండలో తొంభై శాతాన్ని అడ్డుకుంటామనే చీకటి గుడ్డ టెంట్లకు అదనంగా చెల్లించే ప్రతి డాలరూ సద్వినియోగమే. శబ్దాన్ని అడ్డుకునే గుడ్డ మాత్రం ఇంకా పుట్టలేదు గనుక, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు నిశ్శబ్దం పాటించాలన్న విడిది నియమాన్ని వాడు ఉల్లంఘించినప్పుడు, పక్క టెంటువారికి మర్నాడు కాసిన్ని మైసూరుపాకులు ఇవ్వడం మేలు. జిప్పు పరీక్ష దుకాణంలోనే జరగాలి: సీసా మూత తిప్పలేని రెండు వేళ్లు జిప్పు పట్టీని మాత్రం ఎంత లాఘవంగా పట్టుకొని, ఎంత ఓపికగా పన్ను తర్వాత పన్ను విప్పుతాయో చూసినవారికి, ఆ పట్టీ పెద్దవాళ్ల భుజమంత ఎత్తున నిలిచే తలుపునే ఎంచుకోవాలని వేరే చెప్పనక్కర్లేదు.

చివరిది ఆరబెట్టడం. తడిగా మడిచిన టెంటుకు బూజు పట్టడమే గాక, నీటిని ఆపే పూత క్రమంగా జిగటగా మారి ఊడిపోతుంది కాబట్టి, ఇల్లు చేరగానే దాన్ని పూర్తిగా పరచాలి. బాల్కనీలో బట్టలు ఆరవేయనివ్వని అపార్టుమెంట్లలో, 90 చదరపు అడుగుల టెంటును సోఫా వీపు నుంచి భోజనాల బల్ల దాకా రెండు రోజులు వేలాడదీయడం తప్ప గత్యంతరం లేదు. అడవిలో రాత్రంతా ఇంటికి పోదామని ఏడ్చిన పిల్లవాడు ఆ రెండు రోజులూ అందులోంచి బయటకు రానని భీష్మించుకుంటాడు, అన్నం కూడా అక్కడికే తెమ్మంటాడు. మడిచేటప్పుడు వాడు పెట్టే రభస చూసి, ఇది ముందే హాల్లో వేసి ఉంటే పెట్రోలు ఖర్చు మిగిలేది కదా అని అమ్మమ్మగారు అంటారు.