మొగకాడ ఫోను: సటీకా తాత్పర్యం

మూలం: "బాబాయ్, మొగకాడ ఆగాం. పోటందలా. ఐసు కరుగుతోంది. పాటకాడ సావుకార్లని ఆపు."

అవతారిక: వేట ముగించి బందరు గిలకలదిండి హార్బరుకు తిరిగొస్తున్న మరబోటు సరంగు తెల్లవారుజామున ఒడ్డుకు చేసిన ఫోను ఇది.

ప్రతిపదార్థం: బాబాయ్ = ఓ పినతండ్రీ (చుట్టరికం నియమం కాదు, డీజిలుకు అప్పు పుట్టించినవాడైతే చాలు); మొగకాడ = పాయ సముద్రంలో కలిసేచోట; పోటు = సముద్రపు నీరు పొంగుట; అందలా = చాలినంత రాలేదు; పాటకాడ = చేపల వేలం వద్ద (సంగీతంతో నిమిత్తం లేదు).

శంక: నడిసముద్రం తిరిగొచ్చిన బోటు ఇంటి గుమ్మంలో ఆగడమేమి?

సమాధానం: మొగలో ఇసుక మేటవేసింది. పాటు వేళ, అనగా నీరు తీసినప్పుడు, దాని మీద బోటు అడుగుకు చాలినంత నీరుండదు. తెగించి దూరితే మేట మీద కూర్చుని పక్కకు ఒరుగుతుంది, ఆపైన కెరటాలదే రాజ్యం. పోటు రోజుకు రెండుసార్లు వస్తుంది, మర్నాటికి సుమారు 50 నిమిషాలు వెనకబడుతుంది. అమావాస్య, పున్నములకు బలం, అష్టమికి నీరసం. కనుక తిథితో పని పురోహితుడికంటే సరంగుకే ఎక్కువ. ఈ ఫోను అష్టమినాటిదని మా ఊహ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకు వేట నిషేధం గనుక ఆ నడుమది మాత్రం కాదు.

రసం: 'ఐసు కరుగుతోంది' అన్నచోట కరుణం. సావుకారు వంజరం మొప్ప ఎత్తి ఎరుపు చూస్తాడు. బొటనవేలితో ఒంటిని నొక్కుతాడు. సొట్ట పడి లేవకపోతే ధర కూడా లేవదు.

మతభేదాలు: చేప అనగా బొచ్చె, శీలావతి అనియు, చెరువులో పట్టుబడి రోజు మనమే పెట్టుకుంటాం గనుక పోటు ప్రసక్తి వ్యర్థమనియు గుడివాడ వ్యాఖ్యాత. చెరువుగట్టు దాటనంతవరకు ఆయన మాట ప్రమాణమే. ఎదురుమొండి వ్యాఖ్యాతది వేరు దారి: మడ అడవి పాయలో పోటుకు వల కట్టి, పాటుకు పీతనో పండుగప్పనో ఏరుకునేవారికి ఆగడమే వేట గదా, ఫోనెందుకు? ఐసు అప్పు లేనివారి మాట అది, ఇచట చెల్లదు.

తాత్పర్యం: బాబాయ్, ఈ వేటకు డీజిలు బాకీ తీరదు. సావుకారుకు ఆ ముక్క నువ్వే చెప్పు.