తిట్టడానికి ఒక మనిషి ఉండేవాడు

మొన్న బ్యాంకుకు ఫోన్ చేస్తే తెలుగు కావాలంటే రెండు నొక్కమంది ఒక ఆడగొంతు. నొక్కాను. ఖాతా సంగతులకు ఒకటి, కార్డు సంగతులకు మూడు అంది. నా సంగతి రెండింట్లోనూ లేదు. "ఏం తల్లీ, అక్కడ మనుషులెవరూ లేరా?" అన్నాను. సరైన అంకె నొక్కలేదంది. అంత మర్యాదగా మాట్లాడేదాన్ని ఏమని తిట్టను?

నాకు మిషన్లంటే పడదని మా ఇంట్లో పిల్లల అభిప్రాయం. శుద్ధ అబద్ధం. వాన కబురు ఫోన్లోనే చూస్తాను, మార్కెట్లో పత్తి ధర ఫోన్లోనే అడుగుతాను, నిద్రపట్టనప్పుడు పాత హరికథలు వినేదీ అందులోనే. నా గొడవ వేరు. మా రోజుల్లో ఏ యంత్రం ఊళ్లోకి వచ్చినా దాని పక్కన ఒక మనిషి ఉండేవాడు. అది మొరాయిస్తే వాణ్ని పట్టుకునేవాళ్లం. ఇప్పుడు యంత్రం ఉంది, వాడే లేడు.

మా పాలమూరు పల్లెలకు టీవీ హైదరాబాద్ నగరం కంటే ముందొచ్చిందంటే ఇప్పటివాళ్లు నమ్మరు. హైదరాబాద్‌లో దూరదర్శన్ మొదలైంది 1977లో. అంతకు రెండేళ్ల ముందే, 1975 ఆగస్టు 1న, సైట్ అనే ప్రయోగం మొదలైంది. అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాదికి అడిగి తెచ్చుకుని ఇస్రో ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 ఊళ్లకు బొమ్మలు పంపింది. మా జిల్లాకూ కొన్ని పెట్టెలొచ్చాయి. బడి దగ్గర పదడుగుల గొడుగు, అదీ కోళ్ల గూళ్లకు కొట్టే ఇనుప జాలీతో చేసింది. సాయంత్రమైతే ఊరు ఊరంతా గోనెసంచులు పరుచుకుని కూర్చునేది. సేద్యం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, మధ్యమధ్య ఆటా పాటా. ఢిల్లీ నుంచి హిందీ కార్యక్రమం మొదలవగానే సగంమంది లేచి బట్టలు దులుపుకునేవాళ్లు. మాకు ఉర్దూ వచ్చు గాని ఆ హిందీ గొంతు దిగేది కాదు.

పెట్టె తాళంచెవి బడి సారు దగ్గర ఉండేది. బొమ్మ ఊగినా, చుక్కలు పడినా తిట్లన్నీ ఆయనకే. "ఏం సారూ, నిన్న మంచిగనే వచ్చె, ఇయ్యాల ఏం చేసినవ్?" అని వెనక వరసలోంచి అరిచేవాళ్లు. పాపం ఆయన అటు తిప్పి, ఇటు తిప్పి, చెమటలు తుడుచుకుని, జీపులో మెకానిక్ వస్తాడని సర్దిచెప్పేవాడు. 1976 జులై ఆఖరుకు గడువు తీరింది, ఉపగ్రహం వాళ్లు వాపసు తీసుకున్నారు, మా పెట్టె మూగబోయింది. దానికీ సారే దొరికాడు. "నువ్వు మంచిగ చూసుకోకపోతివి, అమెరికోడు గుంజుకపాయె!" ఆయన కాదనలేదు, నవ్వి ఊరుకున్నాడు. అంతరిక్షం మీది కోపం కూడా ఊళ్లోనే తీరిపోయింది.

పోస్టుమన్ కథా అంతే. మా దగ్గర వలసల గురించి మీకు చెప్పనక్కర్లేదు. దేశంలో ఎక్కడ డ్యాము కడుతున్నా పాలమూరు లేబర్ ఉండేది. బొంబాయి బస్సెక్కినవాళ్లు మళ్లీ పండుగకే కనిపించేవాళ్లు. 1980ల్లో, 15 పైసల కార్డు రోజుల్లో, వాడకట్టులో చదువుకున్న పిల్లలకు ఉత్తరాలు రాసిపెట్టడం ఒక డ్యూటీ. "పండుగకు రాకపోతే ఇంట్లకు రానియ్యనని రాయ్ బిడ్డా" అని చెప్పేది అవ్వ. నేను "ఇక్కడ అందరం క్షేమం, పండుగకు తప్పక రాగలవు" అని రాసేవాణ్ని. మనియార్డరు ఆలస్యమైతే ఆమె కోపం మాత్రం నా రాతలోంచి పోయేది కాదు, నేరుగా పోస్టుమన్ మీదికే పోయేది. "నువ్వే తిన్నవు" అనేది మొహం మీదే. ఆయన తినేది చాయ్ పైసలే, అది అందరికీ తెలుసు. ఇంటి ముందు సైకిల్ ఆపి, అరుగు మీద కూర్చుని, నీళ్లు తాగి, తిట్లన్నీ విని, "వచ్చే సోమవారం చూద్దాం అవ్వా" అని పోయేవాడు. ఒక్క విషయంలో మాత్రం ఈ రోజులకే నా ఓటు. కార్డులో కొడుకు మొహం కనిపించేది కాదు. వీడియో కాల్ అప్పుడుంటే ఆ అవ్వలు పండుగల కోసం అంత ఏడ్చేవాళ్లు కాదు.

ఇక లైన్‌మన్. కరెంటు రాత్రిపూట విడతలుగా ఇచ్చిన రోజులవి. టార్చిలైటు పట్టుకుని అర్ధరాత్రి బోరు దగ్గరికి పోయి పాము కాటుకు, షాకుకు పోయినవాళ్లు ప్రతి మండలంలో ఉన్నారు. అవి బంగారు రోజులని నేననను. కాని ట్రాన్స్‌ఫార్మర్ కాలితే ఏం చేయాలో మాకు తెలుసు. రైతులం చందాలు వేసుకునేవాళ్లం, ట్రాక్టరు మీద ఎక్కించి రిపేరుకు తీసుకుపోయేవాళ్లం, అంతకుముందు లైన్‌మన్‌ను కల్లు కంపౌండులోనో, చాయ్ హోటల్లోనో దొరకబుచ్చుకుని కడుపులోదంతా కక్కేసేవాళ్లం. వాడూ తక్కువోడు కాదు. "ఒక్క డబ్బా మీద అన్ని మోటర్లు మీరే పెడితిరి, కాలక ఏమైతది?" అని ఎదురు తిరిగేవాడు. నిజమే చెప్పేవాడు కూడా.

2018 జనవరి 1 నుంచి తెలంగాణలో సేద్యానికి 24 గంటల ఉచిత కరెంటు అన్నారు. రాత్రి నడక తప్పింది, దండం పెట్టాను. తర్వాత మోటరుకూ సిమ్ కార్డొచ్చింది. మా చిన్నోడు హైదరాబాద్‌లో ఆఫీసు కుర్చీలోంచే ఫోన్ కొట్టి ఇక్కడ మా మోటరు నడిపిస్తాడు. ఆపడం మరిచిపోతాడు. నీళ్లు పక్క మడిలోకి పోతాయి. ఆ రైతు వచ్చి నా మీద పడతాడు. ఊళ్లో తిట్లు తినే ఉద్యోగం ఒకటి మిగిలిందంటే అది నాదే.

పాత మనుషులంతా దేవతలని కాదు. పట్వారీ పోయినందుకు నాకేం దుఃఖం లేదు. ఎవరి భూమి ఎవరిదో ఆయన కలం చివర ఉండేది, ఆయన్ని తిట్టే ధైర్యం ఎవరికుండేది? ఎన్టీఆర్ పటేల్, పట్వారీలను తీసేస్తే ఊళ్లు సంబరపడ్డాయి. తర్వాత వీఆర్వోలొచ్చారు, 2020లో వాళ్లనూ తీసేశారు. రికార్డంతా కంప్యూటర్‌కెక్కింది. పేరులో ఒక ఒత్తు తప్పుపడితే ఆ ఒత్తు కోసం రైతు మండలానికీ, జిల్లాకూ తిరిగాడు. చివరికి 2025లో గ్రామ పాలనాధికారులని పేరు మార్చి మళ్లీ మనుషుల్నే ఊళ్లకు పంపారు. నా మాట సర్కారుకే అర్థమైందన్నమాట.

అన్నిటికన్నా నాకు మింగుడుపడనిది రేషన్ షాపు దగ్గరి వేలిముద్ర. దొంగ కార్డులు ఎన్ని నడిచాయో నాకూ తెలుసు, ఆ మిషన్ ఎందుకొచ్చిందో తెలుసు. కాని పత్తి ఏరి, కలుపు తీసి, బూడిదతో గిన్నెలు తోమి అరిగిపోయిన వేళ్లలో గీతలెక్కడివి? అవ్వ వేలు తుడుచుకుని పెడుతుంది, కొంగుకు రాసి మళ్లీ పెడుతుంది. "తీసుకుంటలేదు అవ్వా" అంటాడు డీలరు. వాడు ఆమె చేతి సంకటి తిని పెరిగినవాడు. ఆమె ఎవరో వాడికి తెలుసు, వరసలో నిలబడ్డ అందరికీ తెలుసు. చెల్లదు. కన్ను చూపమంటారు, ఆపరేషన్ అయిన కన్ను. ఓటీపీ అంటారు, ఆ ఫోన్ బొంబాయిలో కొడుకు దగ్గర, వాడు పదో అంతస్తులో సెంట్రింగ్ కొడుతూ ఉంటాడు. అవ్వ డీలరును తిట్టబోయి ఆగిపోతుంది. వాడి చేతిలో ఏమీ లేదని ఆమెకూ తెలుసు.

ఈ యాప్‌లూ మిషన్లూ తయారుచేసే కంపెనీల్లో మా ఊళ్ల పిల్లలు చాలామందే ఉన్నారు. బాబూ, మీకే చెబుతున్నాను. ఏది తయారుచేసినా, సున్నా నొక్కితే ఒక మనిషి పలికేట్టు చేయండి. మా యాస తెలిసినవాడైతే మరీ మంచిది. ఆ ఉద్యోగానికి జీతం కాస్త ఎక్కువే ఇవ్వండి. పని తక్కువేం ఉండదు.