నాకు ఊపిరాడని రోజు

నేను లారీకి తర్వాత తగిలించిన రెండో డీజిల్ ట్యాంకుని. పుట్టింది విజయవాడ ఆటోనగర్‌లో, అల్యూమినియం రేకుతో. రెండొందల లీటర్లు పడతాను. గుంటూరు మిర్చి బస్తాలు వేసుకుని కలకత్తా వెళ్లే పది టైర్ల లారీకి ఎడమపక్క కట్టారు నన్ను. డీజిల్ ధర తక్కువున్న రాష్ట్రంలో నిండుగా కొట్టించుకోవచ్చని మా డ్రైవరు గురువుగారి ఆశ.

మొదటి ట్రిప్పులో ఏలూరు దాటకముందే ‘డీజిల్లో నీళ్లు’ అనే లైటు వెలిగింది. ఆ నీళ్లు నావే. అతుకులు కారుతున్నాయేమోనని నీళ్లు నింపి చూసినవాళ్లు నన్ను సరిగ్గా ఆరబెట్టలేదు. ఫిల్టరు అడుగున స్క్రూ వదులు చేసి సీసాలో పట్టారు. కింద నీళ్లు, పైన డీజిల్ విడివిడిగా తేలాయి. నీళ్లలో కరెంటు పారుతుంది, డీజిల్లో పారదు. సెన్సరు పసిగట్టేది ఆ తేడానే. ఆ తర్వాత డీజిల్ ముల్లు సున్నాకి పడిపోయి రిజర్వు లైటు వచ్చింది. నా ఎర్త్ వైరుని పెయింటు మీదే బిగించారు మరి. గీకి బిగిస్తే సరిపోయింది.

అసలు కష్టం అన్నవరం దగ్గర మొదలైంది. లోడుతో ఎత్తెక్కుతుంటే ఇంజన్ లైటు వెలిగి, పికప్ చచ్చిపోయింది. స్కానరు పెట్టిన మెకానిక్, ఇంజెక్టర్లకి డీజిల్ పంచే గొట్టంలో, అదే ‘రైలు’లో, ప్రెషరు తక్కువుందన్నాడు. లారీ టైర్లో గాలి ఎనిమిది బార్లుంటే, ఇంజన్లో ఆ రైలుకి వెయ్యి బార్లు దాటాలి. ఫిల్టరు మార్చారు. ఇరవై కిలోమీటర్లకే లైటు మళ్లీ వచ్చింది. ఇక పంపు విప్పాలన్నాడు మెకానిక్. గురువుగారి మొహం చూడలేకపోయాను.

ఆయన వాల్వు తిప్పి పాత ట్యాంకు మీద నడిపారు. లైటు రాలేదు. నా మీదకి తిప్పారు. వచ్చింది. పంపు జోలికి పోకముందు చేయాల్సిన పరీక్ష అదే. కానీ దాంతో నింద మొత్తం నా మీద పడింది.

“కోసి పారేద్దాం గురువుగారూ, ఇది వచ్చినకాడి నుంచీ దరిద్రమే” అన్నాడు క్లీనరు. డీజిల్ ఎంతుందో పుల్ల పెట్టి చూద్దామని వాడే నా మూత తిప్పాడు. ఉస్సుమని గాలి లోపలికి దూసుకొచ్చింది. ఎన్నాళ్లకి! డీజిల్ పోయిన మేరకు గాలి రావాలి నాలోకి. ఆ గాలి గొట్టం క్లాంపు కింద నలిగి మూసుకుపోయింది. పంపు లాగుతుంటే నేను బిగుసుకుపోయాను. ఇవ్వాలని ఉండీ ఇవ్వలేకపోయాను.

గొట్టం విడిపించి, మళ్లీ నలగకుండా పైకి వంచి కట్టారు. ఇచ్ఛాపురం దాకా నా మీదే నడిచాం, లైటు లేదు. టీ కోసం ఆగినప్పుడు క్లీనరు వచ్చి, నా మూత దగ్గర చెవి పెట్టి, మెల్లగా తిప్పాడు. ఏ చప్పుడూ రాలేదు.

“ఊపిరాడుతుంది గురువుగారూ” అని కేకేశాడు.