ఒళ్ళు వంచకుండా తొట్టి తగిలించడం: పది చిట్కాలు

చెరకు నరుకుడు మొదలైంది. బొబ్బిలి చుట్టుపక్కల పొలాల నుంచి రాజాం మీదుగా సంకిలి ఫ్యాక్టరీకి చెరకు తోలాలంటే ట్రాక్టరు వెనక తొట్టి ఉండాలి. ఆ రెండింటికీ ఉన్న బంధం ఒక్కటే: కొక్కెం, అందులో దిగే పిన్ను. ఈ జానెడు ఇనుము కోసం కొందరు వంగుతారు, తొట్టి కిందకి పాకుతారు, చేతులకు గ్రీజు పూసుకుంటారు, రాత్రికి నడుం పట్టేసిందని మూలుగుతారు. వాళ్ళకు దారి చెప్పేవాళ్ళు లేరు. మీకు నేనున్నాను. కింది చిట్కాలు వరసగా పాటించండి. మీ ట్రాక్టరుకు పూర్తి విశ్రాంతి దొరుకుతుంది. మీకూ దొరుకుతుంది.

1. పిన్ను కొనకండి.

ఇంటికి స్లాబు వేసినప్పుడు మిగిలిన చువ్వలు పెరట్లో ఉంటాయి. 12 ఎం.ఎం. చువ్వ ముక్క ఒకటి కోసి కొక్కెంలో దించండి. అసలు పిన్ను 25 ఎం.ఎం. ఉండాలని పక్కింటాయన అడ్డు తగులుతాడు. మందం సగమైతే తెగే చోట ఇనుము పావు వంతే ఉంటుందని లెక్క కూడా కట్టి చూపిస్తాడు. ఆయన లెక్క సరైనదే. పావు వంతు ఇనుముతో పని జరుగుతోందంటే ముప్పావు వంతు మిగిలినట్టు. లెక్కను ఎప్పుడూ మిగులు వైపు నుంచే చూడండి.

2. క్లిప్పు, గొలుసు రెండూ మానేయండి.

గోతిలో చక్రం పడితే పిన్ను పైకి ఎగురుతుంది. ఎగిరి బయటికి రాకుండా దాని అడుగున చిన్న క్లిప్పు పెడతారు. ఆ క్లిప్పు పెట్టాలంటే మోకాళ్ళ మీద కూర్చోవాలి. కూర్చోకండి. చేతికందిన చెరకు ఆకు మెలిపెట్టి పైనుంచే చుట్టండి. పిన్ను పోయినా తొట్టి పోకుండా పట్టి ఉంచడానికి అదనంగా గొలుసు కట్టేవాళ్ళు కూడా ఉన్నారు. ఆ గొలుసు తెచ్చి గేదెకు కట్టండి. గేదె తప్పిపోతే వెతుక్కోవాలి. తొట్టి తప్పిపోతే ఎక్కడుందో ఊరంతా పరిగెత్తుకొచ్చి చెబుతుంది.

3. గొల్లపల్లి వడ్రంగులను చూసి ఓపిక తెచ్చుకోకండి.

బొబ్బిలి వీణ చేసే గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి ఏకాండి వీణ చెక్కుతారు. కుండా దండీ ఒకే చెక్క. అతుకు లేని వస్తువు కావాలంటే చాలా రోజుల పని తప్పదు. మీ బండికి పుట్టుకతోనే అతుకు ఉంది. అతుకన్నాక ఏదో ఒక రోజు ఊడుతుంది. ఊడే దాని కోసం పొద్దున్నే లేచి చూసుకోవడం దేనికి? పడుకోండి.

4. తగిలించేటప్పుడు సీటు దిగకండి.

బామ్మర్దిని పిలవండి. ట్రాక్టరుకూ తొట్టికీ మధ్య నిలబెట్టి చేతికి పిన్ను ఇవ్వండి. మీరు క్లచ్చు మీద సగం కాలు పెట్టి, వెనక్కి చూడకుండా, చెవులతోనే బండి వెనక్కి తీయండి. "బావా, ఆగు ఆగు, సెయ్యి ఉంది!" అని వినబడితే చేరువలోకి వచ్చామని గుర్తు. బండి ఆపి, న్యూట్రల్ చేసి, హ్యాండు బ్రేకు వేశాకే మనిషి మధ్యలోకి వెళ్ళాలని ట్రాక్టరు పుస్తకంలో ఉంటుంది. పుస్తకం రాసినవాడికి బామ్మర్ది లేడు. వేలు నలిగితే ఆ పూట పని ఆగుతుంది. పని ఆగడమే కదా మనకు కావలసింది.

5. కొక్కెం వీలైనంత ఎత్తున పెట్టండి.

బరువు లాగే చోటు వెనక ఇరుసు కంటే కిందుగా ఉండాలని మెకానిక్కులు పట్టుబడతారు. కిందకి పెడితే వంగాలి. పైన, టాప్ లింకు దగ్గర తగిలిస్తే నిలబడే పని అయిపోతుంది. ఎత్తు ఎక్కినప్పుడు ముందు చక్రాలు నేల విడిచి లేస్తాయి. స్టీరింగు చేతిలో దూదిలా తిరుగుతుంది. ఇంత సుఖంగా తిరిగే స్టీరింగు కార్లలో కూడా ఉండదు. ట్రాక్టరు ఇంకా లేచి వెనక్కి తిరగబడితే భయపడకండి. చెడిపోయిన సైలెన్సరు దానంతట అదే ఊడిపోతుంది, విప్పే కూలీ కలిసొస్తుంది.

6. బరువంతా తోక వైపు వేయండి.

ఒకే ఇరుసున్న తొట్టిలో బరువు కొంచెం ముందుకు ఉంటే కొక్కెం మీద దిగి ట్రాక్టరు వెనక చక్రాలకు పట్టు ఇస్తుంది. అలా వేయాలంటే కూలీలు మోపులు మోసుకుంటూ ముందుదాకా నడవాలి. వెనక తలుపు దగ్గరే పోగు వేయించండి. తొట్టి ముందు భాగం తేలిపోయి కొక్కేన్ని పైకి ఎత్తుతుంది, చువ్వ తీసే పని మీకు తగ్గిస్తుంది. పరిమితి గురించి ఆలోచించకండి. అధిక బరువుకు జరిమానా 20,000 రూపాయలు, ఆపైన టన్నుకు 2,000. అది పట్టుబడినవాడికి. మీరు రాత్రి వెళ్ళండి.

7. బ్రేకుల గురించి రైల్వేవాళ్ళను అడగకండి.

బొబ్బిలి జంక్షన్‌లో అడిగితే వాళ్ళొక పెద్ద కథ చెబుతారు. పెట్టెకీ పెట్టెకీ మధ్య కప్లింగు తెగితే గాలి గొట్టం కూడా విడిపోయి, రెండు ముక్కలకూ వాటంతట అవే బ్రేకులు పడతాయట. మీ తొట్టికి గొట్టం లేదు, బ్రేకూ లేదు, కాబట్టి చెడిపోయేదీ లేదు. ట్రాక్టరుకు మాత్రం ఎడమ చక్రానికొకటి, కుడి చక్రానికొకటి బ్రేకు పెడళ్ళు ఉంటాయి. పొలంలో మలుపు తిరగడానికి అవి విడిగా ఉండాలి. రోడ్డెక్కితే గొళ్ళెం వేసి రెండింటినీ కలపాలి. గొళ్ళెం వేయకండి, మళ్ళీ పొలంలో తీయాల్సి వస్తుంది. దిగుడు వస్తే న్యూట్రల్ చేయండి. డీజిల్ మిగులుతుంది. వెనక తొట్టి తోస్తుంటే ఇంజనుతో పనేముంది?

8. విమానాల నుంచి పిన్ను వరకే నేర్చుకోండి.

పైపర్ కబ్ లాంటి చిన్న విమానాలకు వెనక తోక కింద బుల్లి చక్రం ఉంటుంది. ఖాళీ విమానం సుమారు 350 కిలోలు. తోక చక్రానికి టో బార్ అనే లాగుడు కడ్డీ తగిలించి షెడ్డులోంచి లాగుతారు. ఇంజను వేసే ముందు ఆ బార్ తీశామా లేదా అని విమానం చుట్టూ ఒకసారి తిరిగి చూసుకుంటారు. ఈ తిరుగుడు మీకు వద్దు, మోకాళ్ళు అరుగుతాయి. పెద్ద ప్రయాణికుల విమానాలను లాగే టో బార్‌లో మాత్రం గొప్ప విషయం ఉంది. అందులో కావాలనే బలహీనమైన పిన్ను పెడతారు. ఒత్తిడి మించితే ముక్కు చక్రం కాలు విరగకుండా ముందు పిన్నే తెగాలి. కోట్ల రూపాయల విమానానికే తెగే పిన్ను పెడుతుంటే మీ 12 ఎం.ఎం. చువ్వ మీద ఇంకా అనుమానమా? వాళ్ళు చదును నేల మీద, నడక వేగంతో, లోపల బ్రేకు దగ్గర మనిషిని కూర్చోబెట్టి లాగుతారు. ఆ మూడింటినీ వదిలేసి పిన్ను ఒక్కటి తీసుకోండి.

9. వెనక దీపాలు, ఎర్ర బిళ్ళలు చెరకుతో కప్పేయండి.

గడలు వెనక్కి బారెడు వేలాడితే రిఫ్లెక్టర్లు వాటంతట అవే కనబడకుండా పోతాయి. తుడిచే పని తప్పింది. టైరు పంక్చరైతే రోడ్డు మధ్యనే ఆపండి, పక్కకు తీస్తే మట్టిలో దిగబడుతుంది. చక్రాల కింద నాలుగు పెద్ద రాళ్ళు పెట్టండి. బాగయ్యాక రాళ్ళను అక్కడే వదిలి వెళ్ళండి. అవి మీవి కావు, పంచాయతీవి. రాత్రి వచ్చే మోటారు సైకిలువాడికి రోడ్డు మీద మేలుకుని ఉండడం ఎలాగో అవే నేర్పుతాయి.

10. సాకులు ముందే సిద్ధం చేసుకోండి.

పిన్ను తెగాక ఆలోచిస్తే మాట తడబడుతుంది. వీటిని కంఠస్థం చేయండి. "నిన్ననే సూసినాను బావూ, బాగానే ఉంది." "రోడ్డు గోతులే గోతులు, నానేటి సేస్తాను?" "షాపు మూసేసినారు." "పిన్ను ఆడే పెట్టినాడు, నాకు తెల్దు." ఈ చివరిది బామ్మర్ది ఆసుపత్రిలో ఉన్నప్పుడు బాగా పనిచేస్తుంది, కాదనడానికి అతను అక్కడ ఉండడు. తొట్టికి నంబరు ఏదని, బీమాలో దాన్ని చేర్చారా అని ఎవరైనా అడిగితే ఫోను వచ్చినట్టు పక్కకు నడవండి.

ఇవన్నీ పాటించినవాడికి ఫలితం ఖాయం. ఏదో ఒక రాత్రి రాజాం దారిలో గోతి దగ్గర చువ్వ రెండు ముక్కలవుతుంది. ట్రాక్టరు ముందుకు పోతుంది, తొట్టి తన దారి తాను చూసుకుని కాలవలోకి దిగుతుంది. చెరకంతా నీళ్ళలో పరుచుకుంటుంది. నరికిన చెరకు ఒక రోజు దాటితే బరువూ తగ్గుతుంది, తీపీ తగ్గుతుంది. కాబట్టి తొందరపడి ఎత్తించకండి, రెండు రోజులు పోతే మోపులు తేలికవుతాయి. ఆ చెరకు పండించిన రైతు వచ్చి కాలవ గట్టున కూర్చుంటాడు. ఆయనకు మొదటి సాకు చెప్పండి. ఫ్యాక్టరీ కాటా దగ్గర వరసలో నిలబడే పని మీకిక లేదు. ఫైనాన్సువాళ్ళు వచ్చి ట్రాక్టరు తోలుకుపోతే దాన్ని కడిగే పనీ లేదు. అరుగు మీద తుండుగుడ్డ పరుచుకుని పడుకోండి.

మిగతావాళ్ళకు చెరకు సీజను మార్చిదాకా సాగుతుంది. మీకు మొదటి వారంలోనే అయిపోతుంది.