పోని కరెంటుకు పొగగొట్టం కొలతలు

2014 అక్టోబరు 2 నుంచి మన రాష్ట్రంలో కరెంటు పోవడం మానేసింది. ఇది నా కల్పన కాదు. ఆ గాంధీ జయంతి నాడు ‘అందరికీ విద్యుత్’ మొదలైంది. ఇళ్ళకూ అంగళ్ళకూ ఫ్యాక్టరీలకూ రోజంతా సరఫరా అని అప్పటి వాళ్ళు చెప్పారు, తర్వాత వచ్చిన వాళ్ళూ అదే చెప్పారు. కుర్చీలు మారినా మారని మాట అదొక్కటే. కాబట్టి ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ వీధిలో మెట్ల పక్కన, గోడ వారన, కాలువ బండల మీద కూర్చున్న ఆ ఇనుప పెట్టెలు ఏమిటని ఊరికొచ్చిన చుట్టం అడిగితే, అలంకారానికని చెప్పండి. రాష్ట్రం పరువు నిలబడుతుంది.

మిట్టమధ్యాహ్నం అవన్నీ ఒకేసారి గుర్రుమని లేచాయనుకోండి. అప్పుడు కూడా కరెంటు పోయిందని తొందరపడి అనకూడదు. కరెంటాఫీసుకు ఫోన్ చేసి చూడండి, ఆ మాట అక్కడ ఎవరి నోటా రాదు. లైన్ క్లియర్ తీసుకున్నామంటారు. ఫీడరు ట్రిప్పయిందంటారు. కొమ్మలు కొట్టిస్తున్నామంటారు. గట్టిగా నిలదీస్తే “మా దగ్గరేం లేదు సార్, అట్నుంచే లేదు” అంటారు. తక్కిన జిల్లాల వాళ్ళకు ఆ ‘అట్నుంచి’ అంటే ఎట్నుంచో తెలియదు పాపం. మన కడప వాళ్ళకు బస్సెక్కితే చాలు, ఎర్రగుంట్లకూ ముద్దనూరుకూ మధ్య రాయలసీమ థర్మల్ చిమ్నీలు కిటికీలోంచే కనిపిస్తాయి. 1994లో మొదటి యూనిట్‌తో మొదలై ఇప్పుడు 1,650 మెగావాట్ల దాకా పెరిగింది. నీళ్ళు మైలవరం జలాశయానివి, బూడిద చుట్టుపక్కల పల్లెలది, కరెంటు రాష్ట్రమంతటిది.

అదొక్కటే అయితే సర్దుకుపోవచ్చు. జమ్మలమడుగు పక్కన మైలవరం మండలంలో వెయ్యి మెగావాట్లకని తలపెట్టిన సోలార్ పార్కుంది. 2017 ఏప్రిల్‌లో అక్కడి 250 మెగావాట్లకు యూనిట్ 3 రూపాయల 15 పైసలు పలికితే, దేశంలో ఇంత చవక ఎండ ఎక్కడా లేదని పేపర్లు మురిసిపోయాయి. పులివెందుల దగ్గర తుమ్మలపల్లెలో అణువిద్యుత్తు కోసం యురేనియం తవ్వుతున్నారు. గండికోట దగ్గర నీళ్ళను కొండెక్కించి దింపి కరెంటు తీసే పథకం ఒకటుంది. బొగ్గు, ఎండ, అణువు, నీరు. కరెంటు పుట్టించే దారుల్లో పెద్దవన్నీ ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మధ్యే తిరుగుతున్నాయి. మిగిలింది డీజిల్. దాన్ని మాత్రం పెద్దమనసుతో మన అంగడి మెట్లకు వదిలేశారు.

ఊరికే వదిలేశారంటే అన్యాయం. అక్కర్లేని ఈ డీజిల్ జనరేటర్‌కు అక్కర తీరా నిబంధనలు రాశారు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు ప్రతి ఊరినీ నాలుగు జోన్లుగా కోశాయి. పారిశ్రామిక జోన్‌లో పగలు 75 డెసిబెల్స్, రాత్రి 70. వాణిజ్య జోన్‌లో 65, 55. నివాస జోన్‌లో 55, 45. నిశ్శబ్ద జోన్‌లో 50, 40. పగలంటే ఉదయం ఆరు నుంచి రాత్రి పది. గీతలు చక్కగా ఉన్నాయి. గీసిన పెద్దమనిషి మాత్రం ప్రొద్దుటూరు వచ్చి ఉండడు.

వచ్చి ఉంటే మన మిద్దెలు చూసేవాడు. కింద నగల అంగడి. దాని మీద పళ్ళ డాక్టరు. ఆ మీద ఇంటర్ పిల్లల ట్యూషన్. అన్నిటికీ పైన ఓనరు కాపురం. మ్యాపులో పక్కపక్కన రంగులేసిన జోన్లన్నీ ఇక్కడ ఒకే మెట్ల వరస మీద ఎక్కి దిగుతుంటాయి. జనరేటర్ కింద ఉంటుంది. కింద 65 దాకా అరవడానికి దానికి హక్కుంది. అదే అరుపు మూడో అంతస్తు పడకగదికి చేరేలోపు 55కు, రాత్రయితే 45కు దిగాలి. మెట్లెక్కేటప్పుడు శబ్దానికి ఆయాసం వస్తుందని లెక్క వేసినట్టున్నారు.

ఇంకో మెలిక ఉంది. 2005 నుంచి తయారయ్యే జనరేటర్ దాని పెట్టెకు ఒక మీటరు దూరంలో 75 డెసిబెల్స్ దాటకూడదని కేంద్రం నిబంధన. అంటే 75 దాకా ధర్మబద్ధం. నిద్రపోయే ఇంటి దగ్గర 45 దాటితే అధర్మం. మధ్యలో ముప్పై తేడా. డెసిబెల్ అనేది రూపాయల్లా వరసగా లెక్కపెట్టేది కాదు. పది పెరిగితే శబ్దశక్తి పది రెట్లు, ముప్పై పెరిగితే వెయ్యి రెట్లు. ఈ వెయ్యి రెట్లనూ దూరమే మింగాలి. అడ్డమేమీ లేని బయలులో అయితే దాదాపు ముప్పై మీటర్లు నడిస్తే అది తగ్గుతుంది. మన బజారులో ఒక జనరేటర్ నుంచి ముప్పై మీటర్లు నడిస్తే ఇంకో జనరేటర్ దగ్గరికి చేరతాం.

మరి ఎక్కడ పెట్టాలి? కేంద్రం నిబంధన ‘తగిన చోట’ అమర్చమంది. ఆ చోటు వెతుక్కునే పని కొన్నవాడిది. రాష్ట్ర భవన నిబంధనలు ఇంకో అడుగు ముందుకేసి, సెల్లారులో పది శాతం దాకా జనరేటర్ గదికీ ఏసీ ప్లాంటుకూ వాడుకోమన్నాయి. ప్లానులో సెల్లారంతా పార్కింగని చూపించి, తర్వాత దాన్ని గోదాముకు అద్దెకిచ్చుకున్న వాళ్ళ దగ్గర ఆ పది శాతం ఏ బస్తాల వెనక ఉందో వెతకాలి. అమెరికాలో మనవాళ్ళకు ఈ చిక్కు లేదు. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో టెక్సాస్ రోజుల తరబడి చీకట్లో గడ్డకట్టింది. ఆ తర్వాత అక్కడ జనరేటర్ కొన్న మన కుర్రాళ్ళకు అక్కడి ప్రమాణం ఒకటి ఎదురవుతుంది: కిటికీకీ తలుపుకీ ఐదడుగుల దూరం. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది కాబట్టి అది మంచి నియమం. ఆ ఐదడుగుల టేపు తెచ్చి మన బజారులో పరిస్తే రెండో కొస పక్కంగడి గల్లాపెట్టెలో పడుతుంది.

పొగగొట్టం లెక్క ఇంకా సొగసుగా ఉంటుంది. జనరేటర్ ఉన్న భవనం ఎత్తుకు, దాని కేవీఏ వర్గమూలంలో ఐదో వంతు మీటర్లు కలపాలి. వంద కేవీఏ అయితే వర్గమూలం పది, ఐదో వంతు రెండు. అంటే మీ మిద్దె కంటే రెండు మీటర్లు పైకి. బంగారు అంగడి గుమాస్తాలకు వర్గమూలం ఒక లెక్కా? వాళ్ళు మిల్లీగ్రాముల్లో తరుగు తీసేవాళ్ళు. చిక్కల్లా ఎత్తు ఎవరి మిద్దెతో కొలవాలన్న దగ్గరే. నియమం మీ మిద్దెను కొలుస్తుంది. పక్కాయన మిద్దె మీకంటే ఒక అంతస్తు ఎక్కువ. మీ పై కప్పు మీద రెండు మీటర్లంటే సరిగ్గా ఆయన వంటింటి కిటికీ. చట్టాన్ని అక్షరాలా పాటించిన మీరు, ఆయన పోపులో మీ డీజిల్ వాసన కలుపుతారు. పాటించని వాడు గొట్టాన్ని మోకాలెత్తున వీధిలోకి తిప్పి దారినపోయే వాళ్ళందరికీ సమానంగా పంచుతాడు. ఇద్దరిలో ప్రజాస్వామ్యవాది ఎవరో నేను తేల్చలేను.

జమ్మలమడుగు లాంటి ఊళ్ళో ఆసుపత్రి చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద జోన్ కావచ్చు. కావచ్చు అనే అంటున్నాను. ఎందుకంటే 2017 ఆగస్టులో కేంద్రం ఒక సవరణ చేసింది. దాని ప్రకారం ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప ఏ ప్రాంతమూ నిశ్శబ్ద జోన్ కాదు. రోగి మూలుగు గెజిట్‌లో అచ్చయితే తప్ప చుట్టుపక్కల వాళ్ళకు వినపడదన్నమాట. సరే, అచ్చయిందనే అనుకుందాం. ఆ వంద మీటర్లలో అందరికంటే పెద్ద జనరేటర్ ఎవరిది? ఆసుపత్రిదే. ఎవరి కోసం నిశ్శబ్దం పుట్టిందో ఆ రోగి బతకడానికే ఆ మోత కావాలి. ఆపరేషన్ థియేటర్ బయట కూతురి కాన్పు కోసం కూర్చున్న తల్లినడగండి: “ఆపొద్దు సామీ, ఆ సద్దు ఇనపడతాంటేనే మాకు దైర్యం” అంటుంది. డెసిబెల్ మీటరు పట్టుకొచ్చిన అధికారి ఆమెకు ఏం నోటీసు ఇస్తాడు?

నాలుగు జోన్లలోనూ పొలం లేదు, గమనించారో లేదో. పులివెందుల చుట్టూ చీనీ తోటల్లో, అరటి తోటల్లో ఆయిల్ ఇంజను ఎంత అరిచినా ఏ గడిలోనూ పడదు. 2004 మే 14న, ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రోజే, వై.ఎస్. రాజశేఖరరెడ్డి పెట్టిన తొలి సంతకం రైతులకు ఉచిత కరెంటు మీద. ఆయన పులివెందుల మనిషి. ఆ సంతకం ఎందరి బాకీలు తేలిక చేసిందో నేను కాదనను. కానీ ఉచితానికి గంటలు ఉంటాయి. మొదట ఏడు, తర్వాత తొమ్మిది. కేంద్రం 2020 చివర్లో తెచ్చిన వినియోగదారుల హక్కుల నిబంధనలు అందరికీ ఇరవై నాలుగు గంటలూ ఇవ్వాలంటూనే, సేద్యానికి తగ్గించుకోవచ్చని పక్కనే రాశాయి. తక్కిన గంటల్లో చెట్టు దాహం డీజిలే తీర్చాలి. మోత మీద మాత్రం ఆంక్షల్లేవు. రైతుకు దక్కిన పూర్తి స్వేచ్ఛ ఇదొక్కటేనేమో.

దసరాకు ప్రొద్దుటూరు రండి. అమ్మవారిశాల ముందు వెలుగులు చూడటానికి ఊళ్ళకు ఊళ్ళే వస్తాయి. తొట్టిమెరవణి కదిలిందంటే వీధంతా రంగు బల్బులే. ఊరేగింపు దీపాలకు వెనకాల బండి మీద జనరేటర్ నడవాలి కదా. ఆ బండి ఒక్క రాత్రిలో వాణిజ్య జోన్ దాటి, నివాస జోన్‌లో మలుపు తిరిగి, బడి గోడ పక్కగా నిశ్శబ్ద జోన్ తాకి, మళ్ళీ బజారుకు వస్తుంది. నిబంధన పాటించాలంటే డ్రైవరు మలుపు మలుపుకూ డెసిబెల్స్ మార్చుకుంటూ పోవాలి, ఘాట్ రోడ్డులో గేర్లు మార్చినట్టు. జమ్మలమడుగు వాళ్ళకైతే దసరా దాకా ఆగే పని లేదు, ఉక్కు ఫ్యాక్టరీ శంకుస్థాపనలున్నాయి. 2007, 2018, 2019, 2023. సభకు మైకు, మైకుకు కరెంటు. ఉక్కు సంగతి ఎట్లున్నా టెంట్‌హౌస్ వాళ్ళకు గిట్టుబాటయిన పరిశ్రమ అది.

ఇక 2022 ఏప్రిల్‌కు వద్దాం. ఆ నెల 8 నుంచి రెండు వారాల పాటు మన రాష్ట్రంలో ఫ్యాక్టరీలకు పవర్ హాలిడే. కరెంటు కొరత, బయట కొందామన్నా దొరకడం లేదన్నారు. రాత్రింబగళ్ళు నడిచే పరిశ్రమలను సగం కరెంటుతో సరిపెట్టుకోమన్నారు. సరిగ్గా అదే నెలలో ఢిల్లీ వాళ్ళు వినియోగదారుల హక్కుల నిబంధనలకు ఒక సవరణ తెచ్చారు. డీజిల్ జనరేటర్లు వాడేవాళ్ళు ఐదేళ్ళలో సౌరవిద్యుత్తు, బ్యాటరీల్లాంటి శుభ్రమైన పద్ధతుల వైపు మళ్ళడానికి ప్రయత్నించాలని అందులో ఉంది. ఇక్కడ కరెంటు లేదు, జనరేటర్ వేసుకో అంటున్నారు. అక్కడ జనరేటర్ వద్దు, మానుకో అంటున్నారు. ఒక చేత్తో కంచం లాక్కుని రెండో చేత్తో ఆరోగ్యసూత్రాల కరపత్రం ఇచ్చినట్టుంది. మంచిమాటకు కొదవ లేదు, అదే సవరణలో ఇంకోటుంది: కట్టడాల పనులకు తాత్కాలిక కనెక్షన్ 48 గంటల్లో ఇవ్వాలట, జనరేటర్ తెచ్చుకునే పని తప్పుతుందట.

ఇంతకీ ఈ నిబంధనలన్నిటిలోనూ నేను వెతుకుతున్న వాక్యం ఒకటుంది. అది దొరకలేదు. ఎంత మోత, ఎంత పొగ, ఎంత ఎత్తు, ఏ జోన్, పగలా రాత్రా అన్నీ అడిగారు. ఎందుకు ఆన్ చేశావని ఎవరూ అడగలేదు. అడిగితే జవాబు రికార్డులోకి ఎక్కుతుంది. పోని కరెంటు పోయినట్టు రాసుకోవాల్సి వస్తుంది. అందుకే పాపమంతా జనరేటర్ మీదే పెట్టారు.

సరఫరా ఎన్నిసార్లు ఆగింది, ఎంతసేపు ఆగింది అని లెక్కగట్టే కొలతలు లేకపోలేదు. సైఫీ, సైడీ అని వాటి పేర్లు. కమిషన్ దగ్గరికి ఏటా వెళతాయి. అయితే కొలిచేది 11 కేవీ ఫీడరు దగ్గర. మీ వీధి ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు ఎగిరిపోయి, లైన్‌మ్యాన్ వచ్చేదాకా వీధంతా చెమటలు కక్కినా, ఫీడరులో కరెంటు ఉంది కాబట్టి మీకూ ఉన్నట్టే. కాగితం మీద ఫ్యాను తిరుగుతుంటుంది.

కాబట్టి నాదొక చిన్న సవరణ, పురపాలక శాఖ వారు పరిశీలించాలి. పొగగొట్టం సూత్రంలో వర్గమూలం కింద కేవీఏ తీసేసి, ఆ వీధిలో ఏడాదికి సరఫరా లేని గంటలు వేయండి. కట్టే ఖర్చు సరఫరా చేసేవాళ్ళది. ఎత్తు ఎక్కువైతే పొరుగు జిల్లాల వాళ్ళకు కూడా కనిపిస్తుంది, రాయలసీమ థర్మల్ చిమ్నీలకు తోడుగా ఉంటుంది. జోన్ మ్యాపు కూడా కొత్తది గీద్దాం. శబ్దం జనరేటర్ దగ్గర కాకుండా, ట్రిప్పయిన ఫీడరు ఏ సబ్‌స్టేషన్‌దో అక్కడి కుర్చీకి ఒక మీటరు దూరంలో కొలుద్దాం.

డీజిల్ జనరేటర్ మానుకోవడానికి ఢిల్లీ వాళ్ళిచ్చిన ఐదేళ్ళ గడువు 2027 ఏప్రిల్‌తో ముగుస్తుంది. చట్టాన్ని గౌరవించే ఒక శెట్టి గారు ఇప్పుడే మేల్కొని మిద్దె మీద సోలార్ పలకలు వేయించారనుకుందాం. కడప ఎండకు అవి బాగానే పని చేస్తాయి, బిల్లు తగ్గుతుంది, అంతవరకు సంతోషమే. అయితే బ్యాటరీ లేకుండా లైనుకు కలిపిన పలకలు లైనులో కరెంటు ఆగగానే తామూ ఆగిపోతాయి. స్తంభం మీద పని చేసే లైన్‌మ్యాన్ ప్రాణం కోసం పెట్టిన ఏర్పాటు అది, దాన్ని తప్పు పట్టలేం. కాబట్టి మధ్యాహ్నం ఒంటిగంటకు, నెత్తిమీద నిప్పులు కురుస్తున్న వేళ ఫీడరు ట్రిప్పయితే, మెరిసే ఆ పలకల కింద అంగట్లో చీకటి. శెట్టి గారు కిందికి దిగి జనరేటర్ ఆన్ చేస్తారు. గొట్టం ఆ పలకల మీద రెండు మీటర్లు లేచి ఉందో లేదో ఒకసారి టేపు పెట్టి చూసుకుంటే మంచిది, తనిఖీకి ఎవరైనా రావచ్చు.