మైకు పద్యం: టీకా, తాత్పర్యం

సందర్భం: ఉప్పల్ భగాయత్‌లో మినీ శిల్పారామం 2019లో తెరుచుకుంది. శని, ఆదివారాల్లో అక్కడ కూచిపూడి, భరతనాట్య ప్రదర్శనలు జరుగుతుంటాయి. పీర్జాదిగూడ నుంచి బండి మీద పిల్లనూ, గజ్జెల సంచినీ, టిఫిన్ డబ్బానూ వేసుకొచ్చిన తల్లిదండ్రులకు యాంకరమ్మ చెప్పే మాటలే ఈ ఆటవెలది.

మూలం:

మైకు వన్ను టూత్రి మరియొక్క పరి వన్ను
ముందు కుర్చులెల్ల ముఖ్యులకును
పిల్లలార రండు పేర్లు పిలిచినంత
సెల్లు నోరు కట్టి చేరి వినుఁడు

ప్రతిపదార్థం: మైకు = గాలి సోకినా కీచుమను యంత్రము; వన్ను టూత్రి = మూడు దాటి ఎన్నడూ సాగని లెక్క; మరియొక్క పరి = ఇంకో అరగంట; కుర్చులు = కుర్చీలు (హ్రస్వం ఛందస్సు కోసం కాదు, కుర్చీలకే కొరత); ముఖ్యులకును = ఇంకా రానివారికి; పిల్లలార = మధ్యాహ్నమే మేకప్ వేసుకొని, పెదాల రంగు పోతుందని మంచినీళ్లు కూడా ముట్టనివారలారా; పేర్లు పిలిచినంత = ఇంటిపేరు తప్పు చదివినను; రండు = స్టేజీ ఎక్కండి; సెల్లు నోరు కట్టి = పక్కవారి ఫోను మూయించి; చేరి వినుఁడు = మన పాప వంతు అయ్యేదాకా కదలకుఁడు.

తాత్పర్యం: మైకు పలకలేదు, అతిథి దారిలో ఉన్నారు, పిల్లలకు ఆకలవుతోంది. ఈ మూడింటిలో ఏది ముందు తెములునో చెప్పలేము గనుక అందరూ ఓపిక పట్టవలెనని భావము.

విశేషాలు: మైకు టెస్టింగును చూసి నవ్వరాదు. భరతుడి నాట్యశాస్త్రం 5వ అధ్యాయంలో నాటకానికి ముందు జరిగే పూర్వరంగానికి 19 అంగాలు చెప్పింది. వాద్యాలు అమర్చడం ప్రత్యాహారం, గాయకులు కూర్చోవడం అవతరణం. మొదటి 9 తెర వెనకే కావాలి. మనవాళ్లకు తెర లేదు గనుక బాహాటంగానే కానిస్తారు. 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగిన ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పనులు కూడా పూర్వరంగమే. ఆ పిల్లర్ల నడుమ చిక్కుకొని ఆలస్యంగా వచ్చినవారికి దోషం అంటదు.

ఆ శాస్త్రం చెప్పే కథలో తొలి నాటకానికే విఘ్నాలు అడ్డుపడితే ఇంద్రుడు ధ్వజం పెరికి వాటిని మోదాడు. ఆ కర్రే జర్జరం, నటులకు పూజనీయం. నేటి జర్జరం మైకు స్టాండు. దాన్ని చేజిక్కించుకున్న ఉపన్యాసకుణ్ణి దింపడం ఇంద్రుడి తరం కూడా కాదు.

ఇక ముందు కుర్చీల సంగతి. అవి పిలిచినవారివి, పిలవనివారి కథ వేరు. 1947లో ఎడింబరో ఉత్సవానికి పిలుపు లేకుండానే 8 నాటక బృందాలు వచ్చి, దొరికిన చోటల్లా ఆడాయి. ఆ పిలవని పేరంటమే నేడు ఫ్రింజ్ పేరుతో ప్రయోగ నాటకాలకూ, సంగీతానికీ, క్యాబరేకూ పెద్ద జాతర. ఉప్పల్‌లోనూ సభను నిలబెట్టేది పిలవనివారే. పానీపూరీ తిందామని వచ్చి, ఖాళీ ప్లేటు చేతిలోనే ఉంచుకుని తిల్లానా అయ్యేదాకా కదలని మనిషికి ఏ ఆహ్వానపత్రిక అందింది?

నాట్యశాస్త్రం 27వ అధ్యాయం ప్రకారం చప్పుడూ అలజడీ లేకుండా రంగం నిండితే అది దైవిక సిద్ధి. చిరునవ్వులూ మెచ్చుకోళ్లూ మానుష సిద్ధి. చివరి వరుసలో మునివేళ్ల మీద లేచి, “ఎడమ పక్కది మా పిల్లే” అని ముక్కూమొహం తెలియనివారికి చూపించే అమ్మమ్మను ఈ రెండో పద్దులో జమకట్టాలి.

అలంకారం: పిల్లలదే.

ఫలశ్రుతి: ఈ టీక చదివిన నిర్వాహకులు వచ్చే శనివారం ముందు వరుసలో రెండు కుర్చీలు అమ్మమ్మలకు వదులుదురు గాక. ముఖ్య అతిథి ఎలాగూ సన్మానం వేళకే వస్తారు.