పదమూడు గోల్స్‌కి దక్కిన బహుమతి

నన్ను చూసి భయపడకండి. తిరనాళ్ళలో బుడగలు పేల్చడానికి అద్దెకిస్తారే, ఆ జాతి తుపాకిని. గొట్టం కిందికి వంచితే లోపల స్ప్రింగు బిగుసుకుంటుంది. చిన్న సీసపు గుండు పెట్టి నొక్కితే ‘టప్‌’మంటుంది, అంతే. 1958 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టినందుకు నన్ను స్వీడన్ పత్రికవాళ్ళు ఫ్రాన్స్ ఆటగాడు జస్ట్ ఫాంటేన్ చేతిలో పెట్టారు. 2022లో ఎంబాపే ఎనిమిది కొట్టి బంగారు బూటు పట్టుకెళ్ళాడు. మా ఆయన 13 కొట్టాడు. ఎనిమిదికి బంగారం, పదమూడుకి నేను!

అసలు బూట్లు కూడా ఆయనవి కావు. తనవి పాడైపోతే తోటి ఆటగాడు స్టెఫాన్ బ్రూయేని అడిగి తొడుక్కున్నాడు. ఇద్దరి పాదాలూ ఒకే కొలత. ఆరు మ్యాచులు ఆడి, చివరిదాంట్లో పశ్చిమ జర్మనీ మీదే నాలుగు కొట్టాడు. ఆ రోజు వచ్చిన పెనాల్టీని తోటి ఆటగాడు కోపా కొట్టాడు గానీ, లేకపోతే 14 అయ్యేవేమో. టోర్నీ అయ్యాక బూట్లు వాటి యజమాని దగ్గరికి వెళ్ళిపోయాయి. అయినా వాటి కథే అందరికీ కావాలి. వాటి మీద నాకు కాస్త కుళ్ళు ఉన్నమాట నిజమే.

1960 మార్చిలో ఆయన కాలు విరిగింది. రెండు ఎముకలూ పోయాయి. నన్ను వంచాలన్నా మనిషి రెండు కాళ్ళ మీద గట్టిగా నిలబడితేనే సులువు కదా. కట్టుతో ఉన్నవాడికి నాతో ఏం పని? కోలుకుని మైదానంలోకి దిగితే 1961 జనవరిలో మళ్ళీ విరిగింది. 1962లో ఆట మానేశాడు. అప్పటికి ఆయనకి 28 ఏళ్ళు. ఫ్రాన్స్ తరఫున 21 మ్యాచులు, 30 గోల్స్.

తర్వాత కోచ్ అయ్యాడు. 1967లో జాతీయ జట్టుని అప్పగించారు. రెండు మ్యాచులు ఓడిపోగానే సాగనంపారు. పారిస్ సెయింట్ జర్మైన్ క్లబ్బుని 1974లో మొదటి డివిజన్‌కి చేర్చాడు. తను పుట్టిన మొరాకోకి 1980 ఆఫ్రికా కప్‌లో మూడో స్థానం తెచ్చిపెట్టాడు. 2023లో, 89 ఏళ్ళ వయసులో తూలూజ్‌లో పోయాడు. పత్రికలు ఆ పదమూడు గోల్స్‌నే ముందు తలుచుకున్నాయి.

నాకు గురి సంగతి కొంత తెలుసు కాబట్టి చెబుతున్నాను, ఆయన గురి చూసి కొట్టింది వేరే ఉంది. అప్పట్లో ఫ్రాన్స్‌లో ఆటగాడు సంతకం పెడితే 35 ఏళ్ళు వచ్చేదాకా క్లబ్బు సొత్తే. అమ్మితే పోవాలి, పొమ్మనకపోతే పడి ఉండాలి. 1961లో, అంటే కాలు రెండోసారి విరిగిన ఏడాదే, కామెరూన్ నుంచి వచ్చిన ఆటగాడు యూజీన్ ఎన్‌జో లేయాతో కలిసి ఆటగాళ్ళకి సంఘం పెట్టాడు. తనే మొదటి అధ్యక్షుడు. ఆట ఆగిపోయే దశలో ఉన్నవాడు ముందుంటే ఒక సౌకర్యం: జట్టులోంచి తీసేస్తామని బెదిరించడానికేం మిగలదు. ఆడుతున్నవాళ్ళకి ఆ ధీమా ఎక్కడిది? 1963లో ఆటగాళ్ళని బానిసలతో పోల్చినందుకు కోపాకి శిక్ష పడింది.

గడువున్న ఒప్పందాలు 1969లో గానీ రాలేదు. వాటి మీద కుర్రాళ్ళు సంతకాలు పెట్టే నాటికి ఫాంటేన్ ఆట మానేసి ఏడేళ్ళయింది.